అవసరం, అనవసరం

ట్రిప్పు 1206. సోమవారం

ఈ రోజు నుంచి సొంతంగా ఒక నోటు పుస్తకం పెట్టుకుని రాస్తున్నాను. బండిలో ఉన్న తెరకు రెండే మాటలు వచ్చు: అవసరం, అనవసరం. బండి దారిలో ఎక్కడ ఆగినా ఆ రెంటిలో ఒకటి నొక్కమంటుంది. నేను చెప్పాల్సింది అంతకంటే ఎక్కువే ఉంది.

నా పేరు దమయంతి. గట్టు లైనులో ముందు క్యాబ్ సాక్షిని. పాత లైను సముద్రంలో కలిసిపోయాక కొండల పక్కగా వేసిన లైను ఇది. బండిని నేను నడపను. లైనులోని బండ్లన్నిటినీ ఒకే యంత్రం నడుపుతుంది. దాన్ని మేమంతా పెద్దాయన అంటాం. పొద్దున్నే పెద్దాయన ఆరు కళ్ళనూ, అంటే ముందున్న కెమెరాలను, మెత్తటి గుడ్డతో తుడవడం, ఎండ ముదిరి పట్టాలు సాగితే నీళ్ళు చల్లి చల్లార్చేదాకా కాచుకోవడం, ముందు కూర్చుని దారి చూడటం, బండి ఆగినప్పుడల్లా తెర నొక్కడం, ఇదీ నా ఉద్యోగం. క్యాబ్‌లో బ్రేకు పిడి లేదు. మనిషి చెయ్యి పడితే ఆలస్యమని తీసేశారు. పెట్టెల్లో గొలుసు కూడా లేదు. ఎవరి ఊరు రాగానే వాళ్ళు లాగి దిగిపోతున్నారని అది అంతకుముందే పీకేశారు.

గొలుసు పోయిందని మన జనం ఊరుకుంటారా! పట్టాల మీద మనిషి కనిపిస్తే పెద్దాయన కచ్చితంగా ఆపుతాడని, ఆ మనిషి పక్కకు తప్పుకునేదాకా అంగుళం కూడా కదలడని కనిపెట్టారు. అప్పటి నుంచి బండి ఎక్కాలన్నా, దిగాలన్నా, ఊరికే సరదా పుట్టినా వచ్చి పట్టాల మీద నిలబడటమే. దీనికి ఇక్కడ ఎదురు అని పేరు కూడా పెట్టారు.

ఇవాళ మూడు ఎదుర్లు. మొదటిది సున్నపుబట్టి దగ్గర. పాతికేళ్ళ మగధీరులు ఐదుగురు వరసగా నిలబడి వీడియో తీసుకున్నారు. రెండోది పాలమెట్ట దాటాక. అల్లుడు బండిలో ఉన్నాడట, మామగారు గొడుగు వేసుకుని పట్టాల మధ్య నిలబడ్డాడు. మూడోచోట ఇద్దరు ఆడవాళ్ళు మామిడికాయల బుట్టలు ఎక్కించారు. నేను కిటికీలోంచి కేకలేస్తే, "తొందరేటమ్మా, ఎక్కీత్తన్నాం కదా" అని నా మీదే విసుక్కున్నారు.

బండి ఆగితే వెనక గార్డు దిగి ముందుకు నడిచి వచ్చి, పట్టాల మీదున్నవాళ్ళను చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళాలి. మా గార్డు ఖాజావలి. పన్నెండు పెట్టెల పొడుగు, ఆ ఎండలో, మూడుసార్లు నడిచాడు. పాపం, ఎవర్నీ ఒక్క మాట అనడు. "రండి బాబూ, రండి" అని పెళ్ళిపీటల మీదికి తీసుకెళ్తున్నట్టు తీసుకెళ్తాడు.

మూడింటికీ అవసరం అనే నొక్కాను. మేమందరం అంతే చేస్తాం. అనవసరం నొక్కితే పదకొండు ప్రశ్నల ఫారం తెరుచుకుంటుంది. అది నింపేదాకా బండి కదలదు. అవసరం నొక్కితే ఏమీ అడగదు.

ట్రిప్పు 1211. శనివారం

రాయాలని లేదు. అయినా రాస్తాను.

కొండను చీల్చి పట్టాలు వేసిన కొండకోత దగ్గర ఎదురు. ఎనిమిది మంది, చేతుల్లో ఎర్ర తువ్వాళ్ళు ఊపుతున్నారు. బండి ఆగింది. వలీ దిగి వచ్చి మొదటివాడి చెయ్యి పట్టుకున్నాడు. ఆగిన బండి అంటే రాళ్ళు విసిరేవాళ్ళకు పండగే. గట్టు మీద కూర్చున్న ఇంకో గుంపు మొదలుపెట్టింది. ముందు అద్దాలకు కొట్టారు. ఈ నెలలో పగిలిన అద్దాలు ఇప్పటికే పంతొమ్మిది. తర్వాత వలీకి కొట్టారు.

వలీ అరవలేదు. కంకర మీద మెల్లగా కూర్చుండిపోయాడు. ఎడమ కంటి మీద పెట్టుకున్న వేళ్ళ సందుల్లోంచి నెత్తురు కారుతోంది. సాక్షి క్యాబ్ వదిలి దిగకూడదని రూలు. ఆ రూలు నాకు గుర్తు కూడా రాలేదు. వెళ్ళి అతని తల ఒళ్ళో పెట్టుకున్నాను. "దమయంతమ్మా, కన్నుందా?" అని అడిగాడు. ఉందని చెప్పాను. నాకు తెలియదు.

ఎనిమిది మందీ అప్పటికే గట్టెక్కి నవ్వుకుంటూ పోతున్నారు. వాళ్ళ వెంట రాళ్ళు విసిరినవాళ్ళూ పోయారు. రెండో పెట్టె కిటికీలోంచి ఒక పెద్దమనిషి, "ఇంకా ఎంతసేపండీ?" అన్నాడు. నేనన్న మాట ఇక్కడ రాయను.

ఆదుకున్నది పైడమ్మ ఒక్కతే. ఆవిడ ఈ సెక్షన్‌కు కీమాన్. రోజూ తొమ్మిది కిలోమీటర్ల పట్టా వెంట నడుస్తూ, పట్టాలను పట్టి ఉంచే ఇనప కీలు వదులైతే సుత్తితో బిగిస్తుంది. కేకలు విని పరుగెత్తుకొచ్చి, తలకు చుట్టుకున్న గుడ్డ విప్పి వలీ కంటికి కట్టింది.

"ఏడవకే దమయంతీ. నువ్వేడిత్తే ఈ మనిసి బయపడతాడు. నెగు, సాయం పట్టు" అంది.

ఇద్దరం మోసుకుని బండెక్కించాం. తెర ఎదురుచూస్తూనే ఉంది. అవసరం నొక్కాను. ప్రశ్నలు నింపుతూ కూర్చునే సమయం కాదది.

సెలవు. మంగళవారం

ఎడమ కన్ను పోయింది.

ఆసుపత్రికి వెళ్ళాను. వలీ నన్ను చూసి, "పెద్దాయనకి ఆరు, నాకొకటి. ఇద్దరికీ కలిపి ఏడు కళ్ళు, సరిపోవా?" అన్నాడు. నవ్వాను. వరండాలోకి వచ్చాక గోడకు ఆనుకుని ఏడ్చాను. ఎవరు కొట్టారో ఎప్పటికీ తెలియదు. కొట్టినవాడికి కూడా తను ఏం చేశాడో తెలిసి ఉండదు. అదే నన్ను ఎక్కువ మండించింది.

సెక్షన్ అధికారి వరహాలరావు పళ్ళు పట్టుకుని వచ్చాడు. మంచివాడే కానీ కాగితాల మనిషి. నన్ను పక్కకు పిలిచాడు.

"మీ సాక్షులందరి లెక్క ప్రకారం, గట్టు లైనులో అనవసరంగా బండి ఆగిన రోజు ఒక్కటీ లేదమ్మా. అన్నీ అవసరాలే! మీరు నొక్కేది చూసే కదా యంత్రం నేర్చుకునేది. ప్రతి ఎదురూ అవసరమని మీరే నేర్పుతుంటే, అది ఆపక ఏం చేస్తుంది?"

"ఈ ముక్క మాకెప్పుడు చెప్పారు?"

"సర్క్యులర్ పంపాం."

"అందులో ఎక్కడుంది?"

"నలభై ఒకటో పేజీలో" అన్నాడు. అంటూనే తల దించుకున్నాడు.

ట్రిప్పు 1215. గురువారం

ఇవాళ నాలుగు ఎదుర్లు. నాలుగింటికీ అనవసరం నొక్కాను. పదకొండు ప్రశ్నలూ ఓపిగ్గా నింపాను. మనిషి నిలబడి ఉన్నాడా? అవును. బండి వైపు తిరిగి ఉన్నాడా? అవును. చేతులు ఎత్తాడా? ఎత్తాడు. చేతిలో గుడ్డగాని జెండాగాని ఉందా? ఉంది. వెంట ఇంకెవరైనా ఉన్నారా? తనంతట తాను పక్కకు జరగగలడా? నిక్షేపంగా. నలభై నిమిషాలు ఆలస్యమైంది. పెట్టెల్లో జనం గోల పెట్టారు. పెట్టనీ అనుకున్నాను.

రన్నింగ్ రూములో భోజనాల దగ్గర మిగతా సాక్షులకు చెప్పాను. గట్టు లైనుకు మొత్తం ఇరవై రెండు మందిమి. వలీ కూర్చునే చోటు ఖాళీగా ఉంది. ఎవరూ వాదించలేదు. జోగినాయుడు ఒక్కడే, "పదకొండు ప్రశ్నలంటే తల ప్రాణం తోకకొస్తాదే" అన్నాడు. మిగతావాళ్ళు చూసిన చూపుకు తనే నోరు మూసుకుని చేతులు కడుక్కున్నాడు. రేపటి నుంచి అందరమూ అనవసరం నొక్కుతాం.

ట్రిప్పు 1248. బుధవారం

నెల దాటింది. పెద్దాయన మారుతున్నాడు.

ఇదివరకు మనిషి కనిపిస్తే చాలు, ముప్పావు కిలోమీటరు ముందే బ్రేకు పడేది. ఇప్పుడు హారన్ కొట్టి కొంత వేగం తగ్గించి చూస్తున్నాడు. ఇవాళ సున్నపుబట్టి దగ్గర అదే ఐదుగురు నిలబడ్డారు. హారన్ మోగింది. కదల్లేదు. బండి వస్తూనే ఉంది. చివరికి ఒకడికి అనుమానం వచ్చింది, రెండోవాడికి భయం వచ్చింది, ఐదుగురూ ముళ్ళకంపలో దూకారు.

సిగ్గు లేకుండా రాస్తున్నాను, నాకు చాలా సంతోషం వేసింది. వలీకి ఫోన్ చేసి చెబితే, "దెబ్బలేమైనా తగిలాయా వాళ్ళకి?" అని అడిగాడు. వలీ అంతే. ఆ మనిషి మీద కోపం వచ్చింది నాకు.

ట్రిప్పు 1263. శుక్రవారం

ఎనిమిది రోజులుగా ఒక్క ఎదురూ లేదు. ఒక్క అద్దమూ పగల్లేదు. బండి వేళకు వెళ్తోంది, వేళకు వస్తోంది. వరహాలరావు అందరికీ మిఠాయి పంచాడు. పై ఆఫీసు నుంచి మెచ్చుకుంటూ కాగితం వచ్చిందట, గోడకు అంటించాడు. వలీ బదులు వచ్చిన కొత్త గార్డుకు పనే లేదు. వెనక కూర్చుని పాటలు వింటున్నాడు.

పాలమెట్ట స్టేషన్లో పైడమ్మ క్యాబ్ కిటికీ దగ్గరికి వచ్చింది. నవ్వు మొహం కాదు.

"ఏటే, మీ పెద్దాయనకి నామీద కోపమేటి? నిన్న వొంగుని కీ కొడతన్నాను. బండి సూసి నెగిసి సెయ్యెత్తేను. ఎప్పుడూ నెమ్మదిగా ఒచ్చీవోడు, నిన్న తగ్గనేదు. గెంతీసేను."

"నువ్వు తప్పుకుంటావని తెలిసి ఉంటుందిలే" అన్నాను.

"ఆ తప్పుకుంతాను. కాలు మడత పడితేనో?"

బండి కదిలింది.

ట్రిప్పు 1270. ఆదివారం

జోగినాయుడి బండి ముందుకు నిన్న మధ్యాహ్నం ఒక ఆడమనిషి వచ్చింది. పట్టాల మధ్య నిలబడి, పైట కొంగు ఊపుతూ అరిచిందట. పెద్దాయన హారన్ కొట్టాడు. ఆవిడ కదల్లేదు. ఆఖరి క్షణంలో పక్కకు పడింది. బండి వెళ్ళిపోయింది. జోగినాయుడు ఇంకో ఎదురు అనుకున్నాడు. నేనున్నా అలాగే అనుకునేదాన్ని.

ఆవిడ భర్తకు చేలో వడదెబ్బ తగిలింది. ఆ ఊరికి ఆసుపత్రి నలభై కిలోమీటర్లు, బండిలో అయితే అరగంట. ట్రాక్టరు ట్రాలీ మీద వేసుకుని తీసుకెళ్ళేసరికి సాయంత్రమైంది. అప్పటికే ప్రాణం పోయింది.

నిలబడి ఉందా? అవును. చేతిలో గుడ్డ ఉందా? అవును. బండి వైపు తిరిగి ఉందా? అవును. తనంతట తాను పక్కకు జరిగిందా? జరిగింది. ఆ ప్రశ్నలకు జవాబులు నేర్పింది మేము. అందరికంటే ముందు నేర్పింది నేను.

వరహాలరావు దగ్గరికి వెళ్ళాను. మేం నొక్కినవన్నీ వెనక్కి తీసుకునే దారి ఉందా అని అడిగాను.

"నేర్చుకున్నదాన్ని చెరిపెయ్యడం కుదరదమ్మా. మళ్ళీ కొత్తగా నేర్పాలి. ఎదురు వచ్చినప్పుడు అవసరం అని నొక్కాలి."

"ఎప్పుడు నొక్కాలి?"

"బండి ఆగినప్పుడు."

"ఆగడం లేదు కదా సార్!"

బండి ఆగితేనే తెర వెలుగుతుంది. ఆగకపోతే నొక్కడానికి ఏమీ ఉండదు. ఆపవద్దని నేర్పడానికి మాకు దారి ఉంది కానీ, ఆపమని మళ్ళీ చెప్పడానికి లేదు. వరహాలరావు పై ఆఫీసుకు రాస్తానన్నాడు. గోడ మీది మెప్పుకోలు కాగితం వైపు మాత్రం ఇద్దరం చూడలేదు.

ట్రిప్పు 1276. శనివారం

పై ఆఫీసు నుంచి జవాబు లేదు. మూడు రోజులుగా నాకు తోచిన వేషాలన్నీ వేశాను. చీకటిగా ఉన్న తెరను వేలితో పొడిచాను. పెద్దాయన కన్ను ఒకటి తుడవకుండా వదిలేశాను, ఎక్కడైనా తడబడి ఆగుతాడేమోనని. మిగతా ఐదింటితో చక్కగా చూసుకున్నాడు. మొన్నటిదాకా ఎదురొచ్చినవాళ్ళు పారిపోతుంటే నవ్వినదాన్ని, ఇప్పుడు దారిలో ఏ మనిషి కనిపించినా "తప్పుకో తల్లీ, తప్పుకో నాయనా" అని కిటికీలోంచి దండాలు పెడుతున్నాను.

ట్రిప్పు 1281. గురువారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఉదయం పదకొండున్నర. కొండకోత. రెండు వైపులా రాతి గోడలు, చివర వంపు. వంపు అవతల ఏముందో పెద్దాయనకు కూడా కనబడదు. ఫోన్లు, వైర్లెస్ సెట్లు అక్కడ పనిచెయ్యవు. బండిలో నాలుగు వందల మంది దాకా ఉన్నారు.

వంపు దగ్గర నారింజ రంగు చొక్కా కనిపించింది. పైడమ్మ. పట్టాల మధ్య మాకు ఎదురుగా పరుగెత్తుకొస్తోంది. ఒక చేతిలో ఎర్రజెండా. రెండు చేతులూ ఎత్తి ఊపుతోంది. పైడమ్మ ఊరికే పరుగెత్తే మనిషి కాదు. వంపు అవతల ఏదో ఉంది.

పెద్దాయన హారన్ కొట్టాడు. కొంచెం వేగం తగ్గింది, అంతే. నిలబడి ఉంది, మా వైపు తిరిగి ఉంది, చేతులెత్తింది, చేతిలో గుడ్డ ఉంది. ఆ లెక్కన అది ఆట. పైడమ్మ ఆగి, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడిపోయింది. తప్పుకోదని నాకు తెలుసు. నాలుగు వందల మందిని వదిలేసి తప్పుకునే మనిషి కాదు.

బ్రేకు పిడి ఉండాల్సిన చోట నున్నటి రేకు ఉంది. దాన్ని గుద్దాను. తర్వాత ఆ పదకొండు ప్రశ్నల్లో మొదటిది గుర్తొచ్చింది. మనిషి నిలబడి ఉన్నాడా? వందసార్లకు పైగా అవును అని నింపాను. కాదు అని ఒక్కసారి కూడా నింపలేదు. మాలో ఎవరూ నింపి ఉండరు, ఎందుకంటే ఎదురు వచ్చినవాళ్ళు ఎప్పుడూ నిలబడే ఉంటారు. పడుకున్న మనిషిని ఆట అని మేము నేర్పలేదు.

నాకు నమ్మకం లేదు. ఆ ఆలోచన తప్పితే చేతిలో ఇంకేమీ లేదు. జనాన్ని అదిలించడానికి బండి ముందు బూరా, క్యాబ్‌లో దాని మైకు ఉంటాయి. అది అందుకుని అరిచాను.

"పైడమ్మా! పడుకో! పట్టాల మీద పడుకోవే! పడుకో!"

గోడల మధ్య ఆ మాట పది సార్లు మోగింది. పైడమ్మ నా వైపు చూసింది. ఆ దూరం నుంచి మొహం కనబడలేదు. నేనైతే ఎందుకని అడిగేదాన్ని. ఆవిడ అడగలేదు. జెండా పక్కన పెట్టి, పట్టాలకు అడ్డంగా బోర్లా పడుకుని, చేతులు తల మీద కప్పుకుంది.

బ్రేకు పడింది.

నేను ముందు అద్దానికి కొట్టుకున్నాను. వెనక పెట్టెల్లోంచి అరుపులు. చక్రాలు పట్టాలను రాసుకుంటూ కీచుమంటున్నాయి. పైడమ్మ దగ్గరవుతోంది, ఇంకా దగ్గరవుతోంది, క్యాబ్ ముందు అంచు కిందికి వెళ్ళి కనబడకుండా పోయింది. కళ్ళు మూసుకున్నాను. బండి ఆగింది.

ఎలా దిగానో తెలియదు. పైడమ్మ అలాగే పడుకుని ఉంది. ఆవిడకీ బండికీ మధ్య నాలుగడుగులు. కదలడం లేదు. పక్కన కూలబడి వీపు మీద చెయ్యి వేశాను. వెచ్చగా ఉంది.

"పైడమ్మా!"

"పడుకోమన్నావు" అంది కంకరలోంచి. "నెగమన్నేదు గదే."

ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాం. నవ్వామో ఏడ్చామో ఇప్పుడు చెప్పలేను.

వంపు అవతల పట్టాల మీద మూడు సిమెంటు స్లీపర్లు, పట్టాల కింద పరిచే దిమ్మెలు, అడ్డంగా పెట్టి ఉన్నాయి. బండి వాటిని తన్నితే ఎలా ఎగురుతాయో చూడాలని ఎవరో పెట్టారు. గట్టు మీద ఫోను నిలబెట్టుకోవడానికి రాళ్ళు కూడా పేర్చుకున్నారు. పైడమ్మ రావడం చూసి పారిపోయారట. ఆవిడ ఒక్కతే ఒక్కదాన్ని కూడా కదపలేకపోయింది. కొత్త గార్డు, ప్రయాణికుల్లో పదిహేను మంది కలిసి వాటిని పక్కకు దొర్లించారు. మిగతావాళ్ళు, కిటికీల్లోంచి పైడమ్మను తీసింది చాలక, దిగి వీడియోలు తీశారు.

క్యాబ్‌లోకి వచ్చేసరికి తెర వెలుగుతోంది. అవసరం నొక్కాను.

ట్రిప్పు 1282. శుక్రవారం

రన్నింగ్ రూములో ఇరవై రెండు మందిమీ కూర్చున్నాం. వలీ కూడా వచ్చాడు, కంటికి నల్ల గుడ్డ కట్టుకుని. వచ్చే వారం డ్యూటీలో చేరుతున్నాడట. పైడమ్మను కూడా పిలిచాను. పెద్దాయనకు మళ్ళీ నేర్పాలంటే ఏం చెయ్యాలన్నది మాట.

దారి చెప్పింది పైడమ్మే. "పడుకుంతే ఆగుతాడు గదా. యార్డులో బండి నడక మీదుంతాది. రేపు పడుకుంతాం. ఎల్లుండి కూకుంతాం. ఆ మర్నాడు మోకాళ్ళ మీదుంతాం. నువ్వు అవసరం నొక్కుతా ఉండు. అలగలాగ నిలబడీదాక తెద్దాం."

జోగినాయుడు తల అడ్డంగా ఊపాడు. "నేర్పేద్దాం. నేర్పాక ఏటవుతాది? మనిషి నిలబడితే బండి ఆగుతాది. మళ్ళీ ఎదుర్లు. మళ్ళీ రాళ్ళు. వలీ కన్ను పోయి ఇంకా మూడు నెల్లు కాలేదు."

అందరం వలీ వైపు చూశాం. అతను చెప్పేదాన్ని బట్టే ఉంటుందని గదిలో అందరికీ తెలుసు.

"బండి ఆగితే దిగేది నేను కదండీ" అన్నాడు వలీ. "నాకు భయమే. రోజూ భయపడుతూనే దిగుతాను. కానీ భర్త కోసం ఆవిడెవరో కొంగు ఊపిందన్నారు చూడండి, ఆ మాట విన్నప్పట్నుంచి నిద్ర పట్టడం లేదు నాకు. నేర్పండి."

వరహాలరావును అడిగితే, యార్డులో సాక్షులు ఏం చేస్తారో తను చూడబోనన్నాడు. చూడకుండా ఉండటానికి సరిగ్గా ఆ గంటలోనే టీకి వెళ్తానని కూడా చెప్పాడు.

ట్రిప్పు 1300. మంగళవారం

పద్దెనిమిది రోజులు పట్టింది. కీమాన్లు, గార్డులు, సాక్షులు వంతులు వేసుకుని యార్డులో పట్టాల మీద పడుకున్నాం, కూర్చున్నాం, మోకాళ్ళ మీద నిలబడ్డాం. బండి నడక వేగంలో వస్తుంది, ఆగుతుంది, ఒకరు అవసరం నొక్కుతారు, బండి వెనక్కి వెళ్ళి మళ్ళీ వస్తుంది. నా ఒక్కదాని లెక్కే నాలుగు వందల పైమాట. మధ్యలో రెండుసార్లు ఆగలేదు, గెంతాం. జోగినాయుడి మోచెయ్యి చెక్కుకుపోయింది. తిట్టుకుంటూ మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు.

ఇవాళ సాయంత్రం పైడమ్మ పట్టాల మధ్య రెండు కాళ్ళ మీద నిలబడింది. చేతిలో జెండా. బండి ఇరవై అడుగుల ముందే ఆగిపోయింది. ఆవిడ జెండా చంకలో పెట్టుకుని, "ఇప్పుడు మంచోడయ్యేడు" అని పెద్దాయన ముక్కు మీద ఒక్కటి చరిచింది.

ట్రిప్పు 1304. శనివారం

ఇవాళ పాలమెట్ట దాటాక ఎదురు. మేము నేర్పాక దారిలో ఇదే మొదటిది.

ఒక నలభై ఏళ్ళ మనిషి పట్టాల మీద పడుకుని ఉన్నాడు. తల కింద దిండు ఉంది. ఇంటి నుంచి తెచ్చుకున్నాడు, పువ్వుల గలీబు కూడా ఉంది. గట్టు మీద అతని భార్య ఫోను పట్టుకుని వీడియో తీస్తోంది. పైడమ్మ పడుకున్న వీడియో ఊరూరా తిరిగిందని తెలుసు కానీ, దిండు దాకా వెళ్తుందని నేను అనుకోలేదు. ఒళ్ళంతా మండింది. మైకు అందుకుని నాలుగు తిట్లు తిట్టాలనిపించింది. తిట్టలేదు. గట్టు మీద పొదల వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని వెతుకుతూ ఉన్నాను.

వలీ వెనక నుంచి నడిచి వచ్చాడు. పన్నెండు పెట్టెల పొడుగునా, మిగిలిన కన్ను గట్టు వైపు తిప్పుకుని, ఒక్కో అడుగే వేస్తూ వచ్చాడు. ఇదివరకు ఇంతసేపు పట్టేది కాదు. క్యాబ్ కిటికీ తెరిచే ఉంది, కాబట్టి మాటలన్నీ విన్నాను.

"రండి బాబూ, లేవండి" అన్నాడు చెయ్యి చాపి.

ఆ మనిషి లేచి కూర్చున్నాడు. వలీ మొహం చూశాడు. "అయ్యో, కంటికేటయిందండీ?" అన్నాడు. నిజంగానే జాలిపడుతూ అడిగాడు.

"ఏం లేదండి. ఒకసారి ఇలాగే బండి ఆగితే దిగాను" అన్నాడు వలీ.

ఆ మనిషి దిండు తీసి చంకలో పెట్టుకుని, వలీ చెయ్యి పట్టుకుని పక్కకు నడిచాడు. గట్టు మీద అతని భార్య ఫోను దించేసింది. వలీ వెనక్కి తిరిగి మళ్ళీ పన్నెండు పెట్టెలూ నడిచాడు. అతను ఎక్కేదాకా నేను పొదల మీంచి చూపు తిప్పలేదు. రాయి పడలేదు. ఇవాళ్టికి పడలేదు.

తెర వెలుగుతూనే ఉంది. అవసరం నొక్కాను. బండి కదిలింది.